పాత స్ప్లెండర్ మైలేజీ 62 నుంచి 40కి పడిపోతే: కార్బొరేటర్ కొనే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 2006 మోడల్ స్ప్లెండర్ ప్లస్, మీటర్ మీద 78 వేల కిలోమీటర్లు. ఒకప్పుడు లీటరుకు 62 దాకా ఇచ్చేది, ఇప్పుడు 40 దాటట్లేదు. కార్బొరేటర్ రెండుసార్లు విప్పి కడిగించారు, ప్లగ్ మార్చారు, తేడా రాలేదు. ఇక కార్బొరేటర్ మొత్తం కొత్తది వేయాలని మెకానిక్ అంటున్నాడు. వేయించాలా వద్దా?

ఇప్పుడే వేయించకండి. మైలేజీ ఇంతలా పడితే ఎక్కడో ఒకచోట పెద్దదేదో చెడిపోయిందని అనుకోవడం సహజం. ఇరవై ఏళ్ల బండిలో ఎక్కువసార్లు జరిగేది వేరు. నాలుగు చోట్ల పదేసి శాతం పోయిందనుకోండి. 62లో పది శాతం పోతే 55.8. అందులో పది శాతం పోతే 50.2. ఆ తర్వాత 45.2, చివరికి 40.7. మీ బండి ఇస్తున్న మైలేజీ సరిగ్గా అక్కడే ఉంది. ఇలాంటి బండికి ఒక్క లోపం సరిచేస్తే 40 కాస్తా 44, 45 అవుతుంది. కొలత సరిగా లేకపోతే ఆ నాలుగు కిలోమీటర్ల తేడా కంటికి కనిపించదు. "ఏం మారలేదు" అనుకుని అక్కడితో వదిలేస్తాం, డబ్బు మాత్రం ఖర్చయి ఉంటుంది. అందుకే ముందు కొలత, తర్వాత బండిని వెనక్కి లాగుతున్నవి, ఆ తర్వాత ఇంజన్. కార్బొరేటర్ అన్నిటికన్నా చివర.

ముందు ఆ 40 నిజమో కాదో తేల్చుకోండి. రిజర్వ్ పడ్డప్పుడు లీటరు పోయించి, మళ్లీ రిజర్వ్ పడేదాకా లెక్కపెట్టే పద్ధతి నమ్మదగ్గది కాదు. బండి వాలును బట్టి, రోడ్డు ఎత్తుపల్లాలను బట్టి రిజర్వ్ పడే చోటు మారుతుంది, లీటరులో నూటయాభై మిల్లీలీటర్లు అటూఇటూ అయితే లెక్క పదిహేను శాతం తప్పుతుంది. మెకానిక్‌లు సీసాలో 100 మి.లీ. పోసి చేసే పరీక్షతోనూ జాగ్రత్త. అక్కడ ఒక్క మిల్లీలీటరు తేడా అంటే ఒక శాతం తేడా. పైగా కార్బొరేటర్ గిన్నెలో పరీక్షకు ముందు ఎంత పెట్రోలు ఉందో, ఆగిపోయాక ఎంత మిగిలిందో ఎవరూ చూడరు. ఒకే రోడ్డు మీద రిపేరుకు ముందూ తర్వాతా పోల్చుకోవడానికి అది పనికొస్తుంది తప్ప అసలు మైలేజీ చెప్పదు.

ఫుల్ ట్యాంక్ పద్ధతే సరైనది. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టించి, నాజిల్ తనంతట తాను ఆగేదాకా కొట్టించండి. ఆగాక మళ్లీ నొక్కనివ్వకండి, మూత అంచు దాకా నింపనివ్వకండి. మీటర్ అంకె రాసుకోండి. కనీసం 200 కిలోమీటర్లు మామూలుగా తిరిగి, అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ సెంటర్ స్టాండ్ మీదే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. 212 కిలోమీటర్లకు 5.1 లీటర్లు పడితే 41.6. ఇలా వరుసగా మూడు ట్యాంకులు కొలిచి సగటు తీస్తే, అదే మీ అసలు అంకె. బంకు కొలత మీద అనుమానం ఉంటే అయిదు లీటర్ల ప్రమాణ పాత్రతో కొలిచి చూపమని అడగండి. ప్రతి బంకులో అది ఉంచాలి, వినియోగదారుడు అడిగితే చూపాలి.

మీటర్ కూడా పాతదే కదా. ముందు చక్రం దగ్గరున్న చిన్న ప్లాస్టిక్ గేరు, కేబుల్ అరిగితే ముల్లు వణుకుతుంది, మధ్యమధ్యలో అంకె తిరగడం ఆగుతుంది. ముందు టైరు అసలు సైజుకన్నా పెద్దది వేయించి ఉంటే చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటర్ తక్కువ చూపుతుంది. హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ పది కిలోమీటర్లు వెళ్లండి, లేదా ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకోండి. పదికి మీటర్ 9.5 చూపితే, మీ అసలు మైలేజీ మీరు లెక్కగట్టినదానికన్నా అయిదు శాతం ఎక్కువే ఉంది.

కంపెనీ ప్రకటనల్లో చూసిన 80తో పోల్చుకోకండి. సమంగా ఒకే వేగంతో, ఒక్కరే నడిపినప్పుడు వచ్చే అంకె అది. ఊళ్లో సిగ్నళ్లు, వెనక మనిషి, గతుకులు అన్నీ కలుపుకుని ఈ వయసు 100 సీసీ బండి 55–60 ఇస్తే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఇక బండిని లాగుతున్నవి. ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. ఎక్కువ లాభం వచ్చేదీ ఇక్కడే, తక్కువ ఖర్చయ్యేదీ ఇక్కడే.

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పండి. చైన్ ఉంటుంది కాబట్టి ముందు చక్రమంత ఎక్కువ తిరగదు, అయినా రెండు మూడు చుట్లు ఏ శబ్దమూ లేకుండా తిరగాలి. చుట్టుకొకసారి 'సర్ సర్' అని రాసుకుంటూ, ఒకేచోట బిగుసుకుంటూ ఉంటే బ్రేకు పట్టుకుంటోంది. ఎవరినైనా వెనక నొక్కమని ముందు చక్రాన్నీ ఇలాగే చూడండి. దీనికన్నా నమ్మకమైన పరీక్ష ఇంకోటి ఉంది. బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ అయిదు కిలోమీటర్లు వెళ్లి, చివర్లో బండిని దానంతటదే ఆగనిచ్చి, రెండు చక్రాల నడిమధ్య ఉండే హబ్‌లనూ వేలితో మెల్లగా తాకండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే మీ పెట్రోలు అక్కడ వేడిగా మారి పోతోంది.

డ్రమ్ బ్రేకు పట్టేయడానికి కారణం చాలాసార్లు లైనర్లు కాదు, వాటిని విప్పే కామ్ పిన్ను. ఏళ్ల తరబడి నీళ్లు, బురద చేరి ఆ పిన్ను ప్లేటు రంధ్రంలో తుప్పుపడుతుంది. తొక్కినప్పుడు కాలి బలానికి తిరుగుతుంది కానీ వదిలాక స్ప్రింగు బలానికి పూర్తిగా వెనక్కి రాదు. లైనర్లు కొత్తవి వేసినా ఇది తగ్గదు, పైపెచ్చు కొత్త లైనర్ల మందంతో ఇంకా పెరుగుతుంది. చక్రం విప్పించినప్పుడు కామ్ పిన్నును బయటికి తీయించి, సన్నని ఎమరీ పేపరుతో తుప్పు రుద్దించి, పలచగా గ్రీజు రాయించండి. గ్రీజు ఎక్కువైతే లైనర్ మీదికి పాకి బ్రేకే పడదు, కాబట్టి పిన్ను మీద పల్చటి పొర చాలు. లైనర్లుండే షూల మధ్య స్ప్రింగులు సాగిపోయి ఉంటే మార్చాలి, అవి చవకే. డ్రమ్ములోని దుమ్మును నోటితోగానీ గాలి పైపుతోగానీ ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడని దుమ్ము అది. బిగించాక వెనక పెడల్‌కు 20–30 మి.మీ. ఆట (బ్రేకు పట్టుకునే ముందు ఊరికే కదిలే దూరం), ముందు లివర్ చివర 10–20 మి.మీ. ఆట ఉండాలి. "బ్రేకు టైట్‌గా పెట్టు" అని అడిగేవాళ్లు ఈ ఆటను చంపేయించుకుంటారు. వెనక మనిషి కూర్చుని సస్పెన్షన్ దిగగానే ఆ బ్రేకు తనంతట తానే పట్టుకుంటుంది.

టైర్ల గాలికి పట్టే సమయం రెండు నిమిషాలు, కానీ ఎక్కువమంది చూడని విషయం ఇదే. ఈ బండికి ముందు 25 పీఎస్‌ఐ, వెనక ఒక్కరే ఉంటే 28, వెనక మనిషి ఉంటే 40. ఈ 40 దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఇద్దరు ఎక్కి తిరిగే బండికి కూడా 28 కొట్టించి వదిలేస్తారు, వెనక టైరు నేలకు అతుక్కుపోయినట్టు నడుస్తుంది. రోజూ ఇద్దరు వెళ్తుంటే 40 పెట్టించుకోండి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, పది కిలోమీటర్లు తిరిగాక కొలిస్తే వేడికి అంకె ఎక్కువ చూపుతుంది. పదిహేను రోజులకొకసారి చూడండి. ట్యూబు టైరులో గాలి నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. చూడ్డానికి బాగుంటుందని వెడల్పు టైరు వేయించి ఉంటే, ఈసారి మార్చేటప్పుడు అసలు సైజుకే రండి.

చైన్ విషయంలో వదులుకన్నా బిగుతు ఎక్కువ చెడ్డది. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం మీద సుమారు 25 మి.మీ. కదలాలి. ఒక్కచోట చూసి ఆగకండి. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట వదులుగా, ఇంకోచోట తీగలా బిగుతుగా ఉంటే చైన్ అసమానంగా సాగింది, లింకులు కొన్ని గట్టిపడ్డాయి. అప్పుడు బిగుతు సరిచేసి ప్రయోజనం లేదు, చైన్ స్ప్రాకెట్ సెట్ మొత్తం మార్చాలి. పాత పళ్ల మీద కొత్త చైన్ ఒక్కటే వేస్తే అది కొన్ని వేల కిలోమీటర్లలోనే పాడవుతుంది. సెట్ మార్చేటప్పుడు పళ్ల సంఖ్య పాతదానితో లెక్కపెట్టి పోల్చండి. వెనక స్ప్రాకెట్ రెండు పళ్లు ఎక్కువున్నది వేస్తే పికప్ పెరిగినట్టనిపిస్తుంది, కానీ అదే వేగానికి ఇంజన్ ఎక్కువ చుట్లు తిరగాలి. కవరు ఉందని చైన్‌ను మరిచిపోకండి. 500 కిలోమీటర్లకొకసారి 90 గేర్ ఆయిల్ లోపలి అంచు మీద పడేలా వేసి, చక్రం తిప్పి, కారే నూనె తుడిచేయండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయకండి, అందులోని మసి, లోహపు పొడి చైన్‌ను అరగదీస్తాయి. బిగించేటప్పుడు యాక్సిల్‌కు రెండువైపులా గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. చక్రం ఒకవైపుకు తిరిగి ఉంటే టైరూ చైనూ రెండూ వృథాగా రాసుకుంటాయి.

ఈ పనుల ఫలితం తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. రద్దీ లేని, సమతలమైన రోడ్డు మీద 40 వేగంలో క్లచ్ పట్టి న్యూట్రల్ చేసి, బండి 20కి తగ్గేదాకా ఎంత దూరం వెళ్లిందో కరెంటు స్తంభాలతో లెక్కపెట్టండి. గాలి ప్రభావం పోవడానికి రెండు దిశల్లోనూ చేయండి. పనులు మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి చేస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజన్‌తో సంబంధం లేకుండా బండి ఎంత తేలికైందో చెప్పే పరీక్ష ఇది.

క్లచ్ జారడం ఇంజన్‌కూ చక్రానికీ మధ్య జరిగే నష్టం. మూడో గేరులోనో నాలుగో గేరులోనో, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పండి. ఇంజన్ మోత పెరిగి వేగం వెనకబడితే ప్లేట్లు జారుతున్నాయి. విప్పించే ముందు లివర్ చివర 10–20 మి.మీ. ఆట ఉందో లేదో చూడండి, కేబుల్ బిగుతుగా ఉండటం వల్లే ప్లేట్లు పూర్తిగా పట్టుకోకపోవచ్చు. రెండో కారణం ఆయిల్. ఈ బండిలో ఇంజన్‌కూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్. కార్ల కోసం చేసిన ఆయిల్ పోస్తే అందులో రాపిడి తగ్గించే మందులు క్లచ్ ప్లేట్లను జారుస్తాయి. డబ్బా మీద 'జాసో ఎంఏ' (ఇలాంటి క్లచ్‌కు సరిపడుతుందనే గుర్తు) అని ఉన్నది, 10డబ్ల్యూ30 గ్రేడు (ఆయిల్ చిక్కదనం చెప్పే అంకె) వాడండి, మీ పుస్తకంలో రాసినంతే పోయించండి. పాత ఇంజన్ కదా అని 20డబ్ల్యూ50 పోయడం మన దగ్గర బాగా అలవాటు. చిక్కటి ఆయిల్‌ను తోసుకుంటూ తిరగడానికి ఇంజన్ అదనంగా శ్రమపడాలి. పొద్దున చల్లటి ఇంజన్‌తో రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయేవాళ్లకు ఈ నష్టం ఇంకా ఎక్కువ. బండి ఆయిల్ తాగుతోందని చిక్కటిది పోస్తున్నారంటే అది బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) సమస్య. కింద చెప్పినట్టు దాన్ని విడిగా పరీక్షించాలి.

గాలి వడపోత దగ్గర మోడల్‌ను బట్టి రెండు రకాలున్నాయి. స్పాంజి రకం అయితే కిరోసిన్‌లో కడిగి, పిండి, బాగా ఆరబెట్టి, గేర్ ఆయిల్‌లో ముంచి, ఎక్కువైన నూనె పిండేసి బిగించాలి. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కండి. ఆయిల్ లేకుండా పొడిగా బిగిస్తే సన్నదుమ్ము నేరుగా బోరులోకి పోతుంది. కాగితం రకమైతే, ముఖ్యంగా జిడ్డు పూత ఉన్నదైతే, గాలి కొట్టకూడదు, కడగకూడదు, మార్చడమే. ఇటుక బట్టీలు, క్వారీలు, కోతల కాలంలో కల్లాల పక్కన తిరిగే బండికి పుస్తకంలో రాసినదానికన్నా ముందే మార్చాలి. మూసుకుపోయిన ఫిల్టర్ గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా మారని నల్లప్లగ్‌కు కారణం చాలాసార్లు ఇదే. ఫిల్టర్ తీసేసి నడిపితే పికప్ బాగుందని చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి. ఆ బోరు ఎక్కువ కాలం నిలవదు.

ప్లగ్ మార్చానన్నారు. గ్యాప్ చూశారా? మోడల్‌ను బట్టి 0.6–0.7 లేదా 0.8–0.9 మి.మీ. ఉండాలి, మీ పుస్తకంలో ఉన్నదే పెట్టండి. క్యాప్ లోపల పచ్చటి తుప్పు ఉంటే, వైరు చివర నల్లబడి ఉంటే అర సెంటీమీటరు కత్తిరించి, క్యాప్‌ను మళ్లీ స్క్రూలా తిప్పి బిగించండి. ఈ బండిలో ఇగ్నిషన్ సీడీఐ (ప్లగ్‌కు నిప్పురవ్వ ఎప్పుడివ్వాలో చూసే ఎలక్ట్రానిక్ పెట్టె) ఇస్తుంది. పాత పాయింట్ల బండిలా టైమింగ్ రోజురోజుకూ జారదు, కాబట్టి ఇక్కడ ఎక్కువ వెతకనక్కర్లేదు.

టాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని తెరిచే రాకర్లకూ మధ్య ఖాళీ సరిచేసే స్క్రూలు, మాత్రం తప్పక చూడాలి. ఈ ఇంజన్లకు గ్యాప్ 0.1 మి.మీ. లోపే, మోడల్‌ను బట్టి 0.05 నుంచి 0.08 దాకా. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పెట్టాలి, రాత్రంతా ఆగిన బండి అయితే మేలు. మాగ్నెట్ వైపు రెండు మూతలు తీసి, క్రాంక్‌ను అపసవ్యదిశలో తిప్పుతూ 'టి' గుర్తును గాడికి కలపాలి. అప్పుడు రెండు రాకర్లూ కొంచెం ఆడాలి. ఆడకపోతే అది కంప్రెషన్ స్ట్రోక్ (వాల్వులు మూసుకుని పిస్టన్ లోపలి గాలిని నొక్కే దశ) కాదు, ఇంకో చుట్టు తిప్పాలి. ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే సన్నటి రేకు) కొద్దిగా పట్టి జారేలా పెట్టి, నట్టు బిగించాక మళ్లీ కొలవాలి, ఎందుకంటే బిగించేటప్పుడు స్క్రూ తిరిగిపోతుంది. చెవితో విని "శబ్దం లేదు, బాగుంది" అనేవారి దగ్గర ఈ పని చేయించకండి. శబ్దం చేసే టాపెట్ వదులుగా ఉంది, దానివల్ల నష్టం తక్కువ. ఏ శబ్దమూ చేయని బిగుతు టాపెట్ వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు. కంప్రెషన్ కారిపోతుంది, కాలక్రమంలో వాల్వు అంచు కాలిపోతుంది, మైలేజీ నెమ్మదిగా పడుతుంది.

78 వేల కిలోమీటర్ల ఇంజన్‌కు కంప్రెషన్ గేజ్ పెట్టి చూడటం న్యాయం. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని, ముల్లు పెరగడం ఆగేదాకా కిక్ కొట్టాలి. తర్వాత ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వుల దగ్గర కారుతోంది. పొగ రంగు కూడా చెబుతుంది. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది, నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. యాక్సిలరేటర్ వదిలి దిగువకు దిగి, మళ్లీ తిప్పగానే నీలి పొగ గుప్పుమంటే వాల్వు సీళ్లు చూడండి. బోరు అరిగినట్టు తేలితే మైలేజీ కోసం ఇంకే ట్యూనింగూ చేయించకండి, ముందు ఆ పని పూర్తి కావాలి.

ఇప్పుడు కార్బొరేటర్. విప్పే ముందు బయటి నుంచి చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి చోక్. లివర్ వదులైపోయి, బండి కుదుపులకు సగం మూసుకుని ఉండిపోవడం పాత బండ్లలో మామూలు. మీ ప్లగ్ నల్లబడటానికి అదొక్కటి చాలు. రెండోది కారడం. రాత్రి కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కొళాయి) తెరిచి ఉంచి, కార్బొరేటర్ కింద తెల్ల కాగితం పరచండి. రెండు సెకన్లకు ఒక చుక్క చొప్పున కారితే గంటకు 1800 చుక్కలు, రాత్రంతా కారితే చాలా పెట్రోలు నేలపాలు. పగలు గాలికి ఆరిపోవడం వల్ల మరక కూడా కనిపించదు. దీనికి కారణం ఫ్లోట్ (గిన్నెలో తేలుతూ, మట్టం నిండగానే పెట్రోలును ఆపించేది) వాల్వు సూది కొన మీద గీత పడటం, లేదా ఫ్లోట్‌లోకే పెట్రోలు చేరడం. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడు వినిపిస్తుంది. బయటికి కారకపోయినా గిన్నెలో మట్టం ఎక్కువుంటే అన్ని వేగాల్లోనూ పెట్రోలు ఎక్కువ పోతుంది. డ్రైన్ గొట్టానికి పారదర్శక పైపు తగిలించి, పైకి వంచి పట్టుకుని, స్క్రూ తెరిస్తే లోపలి మట్టం పైపులో కనిపిస్తుంది. అది గిన్నె అతుకు గీతను దాటకూడదు.

మెయిన్ జెట్ (జెట్ అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) చిన్నది వేస్తే మైలేజీ వస్తుందన్న సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. యాక్సిలరేటర్ మొదటి ఎనిమిదో వంతులో పనిచేసేది స్లో జెట్. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అది దిగే నీడిల్ జెట్. మెయిన్ జెట్ పూర్తి అధికారంలోకి వచ్చేది ముప్పావు దాటాక. 40–50 వేగంలో తిరిగే బండిలో యాక్సిలరేటర్ సగం కూడా తెరుచుకోదు. అక్కడ మెయిన్ జెట్ చిన్నది వేసి మిగిలేది దాదాపు ఏమీ లేదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజన్‌కు పెట్రోలు చాలక వేడెక్కుతుంది.

మీ బండి విషయంలో నా అనుమానం నీడిల్, నీడిల్ జెట్ మీద. 78 వేల కిలోమీటర్లు ఆ సూది ఆ రంధ్రంలో కొట్టుకుంటూ ఉంటే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అలా పెరిగిన ఖాళీలోంచి, మీరు రోజంతా నడిపే మధ్య వేగంలోనే, అదనపు పెట్రోలు వస్తుంది. కడిగితే ఇది పోదు, కడిగాక కొంచెం పెరగొచ్చు కూడా. రెండుసార్లు కడిగించినా మీకు తేడా రాకపోవడానికి ఇదే కారణం కావచ్చు. సూదిని వెలుతురులో తిప్పి చూడండి. ఒకవైపు మెరిసే అరుగుదల గీత కనిపిస్తే రెండూ జతగా మార్చాలి. సూదికి క్లిప్ గాళ్లుంటే, పై గాడిలో పెడితే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. అరుగుదల కప్పిపుచ్చడానికి ఒక గాడి మార్చొచ్చు, కానీ అది కొంతకాలానికే. జెట్లను స్టీలు తీగతో, పిన్నీసుతో పొడవనివ్వకండి. మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన చేసిన రంధ్రాలు అవి. క్లీనర్ స్ప్రే, గాలి చాలు.

అన్నీ బిగించాక ట్యూనింగ్. బండిని కనీసం పది నిమిషాలు నడిపి వేడెక్కించాలి. మిక్చర్ స్క్రూను మెత్తగా చివరిదాకా మూసి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు తెరవండి. గట్టిగా మూస్తే కొన విరుగుతుంది. తర్వాత పావు చుట్టు చొప్పున అటూఇటూ తిప్పుతూ ఇంజన్ అతివేగంగా, సాఫీగా తిరిగే చోటు పట్టుకుని, ఐడిల్ స్క్రూతో నిమిషానికి 1400 చుట్ల దగ్గర పెట్టండి. స్క్రూ ఎక్కడుందో ముందు చూడాలి. ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, తెరిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, తెరిస్తే పెరుగుతుంది. ఈ ఒక్కటి తారుమారు చేయడంతో చాలా బండ్లు పాడవుతున్నాయి. ఫలితాన్ని ప్లగ్ చెబుతుంది. 40–50లో సమంగా అయిదు కిలోమీటర్లు నడిపి, క్లచ్ పట్టి అప్పుడే ఇంజన్ ఆపి, పక్కకు తీసి ప్లగ్ విప్పండి. సిగ్నళ్ల దగ్గర ఐడిల్‌లో ఉంచాక చూస్తే ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. లేత కాఫీ రంగు సరైనది. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ, తెల్లసున్నంలా ఉంటే తక్కువ. తెల్లగా ఉంటే కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు రింగు పగిలి గాలి దూరుతోందేమో చూడండి.

ఇప్పుడు దొరికే పెట్రోలు 2006 నాటిది కాదు. 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. పాత ద్విచక్ర వాహనాల్లో దీనివల్ల 3–4 శాతం మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. అంటే మీ 62లో రెండు, రెండున్నర కిలోమీటర్లు. మిగతా ఇరవై దానివల్ల పోలేదు. కానీ పాత రబ్బరు భాగాలను, అంటే పెట్రోలు పైపు, ఓ రింగులు, ఫ్లోట్ వాల్వు కొనలను ఇది ఉబ్బించి పాడుచేయగలదు. మార్చేటప్పుడు కొత్త పెట్రోలుకు సరిపడేవి అడగండి. వానాకాలంలో ట్యాంకులోకి నీళ్లు దిగితే ఇథనాల్ ఆ నీటిని లాక్కుని అడుగుకు చేరుతుంది. నెలల తరబడి నిలిపిన బండి అయితే ముందు గిన్నె డ్రైన్ చేయాలి. ఎక్కువ ధర పెట్టి 95 ఆక్టేన్ కొట్టించడం దండగ. 9:1 దగ్గరుండే ఈ కంప్రెషన్‌కు అది అక్కర్లేదు.

నడిపే తీరు గురించి రెండే మాటలు. 40 నుంచి 60కి పెంచితే గాలి ఎదురుతోపు రెండుంపావు రెట్లవుతుంది. 45 దగ్గర నాలుగో గేరులో వెళ్తే ఈ ఇంజన్ ఎంత తక్కువ తాగుతుందో అంత తక్కువ ఇంకెక్కడా తాగదు. ఇంకొకటి, కాలు బ్రేకు పెడల్ మీద ఆనించే అలవాటుందేమో వెనక వచ్చేవాళ్లను అడగండి. బ్రేకు లైటు ఊరికే వెలుగుతోందని చెబితే సమాధానం దొరికినట్టే.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండి ఉన్నవాళ్లు ఇదే వరుస పాటించవచ్చు. ముఖ్యమైన తేడా, అందులో టాపెట్లుండవు. వాటికి బదులు ముందుగా సైలెన్సర్ లోపలి బఫెల్ గొట్టం తీసి, పేరుకున్న మసి వదిలించాలి. అది మూసుకుపోతే కార్బొరేటర్‌తో ఎంత కుస్తీ పట్టినా ప్రయోజనం ఉండదు.

మీరు చేయాల్సిన క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి విడత మూడు ట్యాంకులు కొలత మాత్రమే. రెండో విడతకు ముందు బ్రేకులు, గాలి, చైన్, క్లచ్ ఆట. మూడోదానికి ముందు ఫిల్టర్, టాపెట్లు, ఆయిల్, కంప్రెషన్ పరీక్ష. ఒకేసారి అన్నీ చేయించకండి, ఏది ఎంత ఇచ్చిందో తెలియదు. నాలుగో విడతకు ముందు నీడిల్, నీడిల్ జెట్, ఫ్లోట్ వాల్వు. ఇన్నీ అయ్యాక కూడా 50 దాటకపోతే, స్లైడు (యాక్సిలరేటర్ తిప్పితే కార్బొరేటర్‌లో పైకి లేచే ముక్క) తన గాడిలో పక్కకు ఆడుతుంటే, అప్పుడు కార్బొరేటర్ బాడీయే అరిగిందని అర్థం. అప్పుడు కొత్తది తీసుకోండి. మీ మోడల్ పార్టు నంబరు పాతదాని మీద చూసి, అదే నంబరుది. 'అన్ని 100 సీసీలకూ సరిపోతుంది' అని అమ్మేది బిగుస్తుంది, బండి నడుస్తుంది, కానీ లోపలి జెట్ల నంబర్లు మీ ఇంజన్‌కు చెందినవి కావు. షాపులోనే గిన్నె విప్పించి, కొత్తదాని మెయిన్ జెట్, స్లో జెట్ల మీది అంకెలను మీ పాతవాటి అంకెలతో పోల్చి చూశాకే డబ్బు కట్టండి.